బోటులో స్టీరియో, సబ్ వూఫర్ మార్చుకోవడం ఎలా?

మాది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, లేక్ లేనియర్ అనే సరస్సులో తిరిగే 22 అడుగుల పాంటూన్ బోటు, అంటే బోలు అల్యూమినియం గొట్టాల మీద తేలేది. కొన్నప్పుడు దాంతో వచ్చిన స్టీరియో, ఇంజన్ స్టార్ట్ చేస్తే చాలు, వినపడేది కాదు. మొదటి ఏడాది నేను కారులోంచి తీసిన 12 అంగుళాల సబ్ (బేస్ మాత్రమే ఇచ్చే సబ్ వూఫర్) డబ్బాను తెచ్చి సీటు పక్కన పెట్టాను. అనుకున్న బేస్ రాలేదు సరికదా, సాయంత్రానికి బ్యాటరీ దిగిపోయి ఇంజన్ స్టార్ట్ కాలేదు. పిల్లలు, అమ్మానాన్నలు బోటులో ఉన్నారు, చీకటి పడుతోంది. పక్కగా వెళ్తున్న బోటువాళ్ళను చెయ్యి ఊపి పిలిచి, తాడు కట్టించుకుని ఒడ్డుకు చేరాం. ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. అందుకే ముందు బ్యాటరీ, తర్వాత వైర్లు, చివర స్పీకర్లు, సబ్ అన్న వరసలోనే చెబుతున్నాను.

1. కరెంటు లెక్క వేయండి

నాలుగు స్పీకర్లకు తలా 75 వాట్లు, సబ్‌కు 300 వాట్లు అనుకుందాం. మొత్తం 600. స్పీకర్లను నడిపే పెట్టె ఆంప్లిఫయర్ (ఆంప్). తక్కువ కరెంటు వృథా చేసే క్లాస్ డి రకం కూడా, తీసుకున్న కరెంటులో సుమారు 80 శాతమే స్పీకర్లకు ఇస్తుంది. కాబట్టి 12 వోల్టుల బ్యాటరీ నుంచి 750 వాట్లు, అంటే ఫుల్ సౌండ్ మీద సుమారు 60 ఆంపులు లాగుతుంది. పాట ఎప్పుడూ అదే జోరులో ఉండదు కనుక, గట్టిగా పెట్టి వింటే సగటున 15 ఆంపులు వేసుకోండి. 100 ఆంప్-అవర్ (గంటకు ఒక ఆంపు చొప్పున వంద గంటలు ఇచ్చే) లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. అంటే ఇంజన్ ఆపాక మీ చేతిలో ఉన్నది మూడు గంటలు, అంతే.

అందుకని పాటలకు విడిగా ఒక డీప్ సైకిల్ బ్యాటరీ (ఎక్కువసేపు వాడి, మళ్ళీ మళ్ళీ చార్జ్ చేసుకునే రకం) పెట్టండి. ఇంజన్ బ్యాటరీని స్టీరియో ముట్టుకోకూడదు. రెండింటి మధ్య ఆటోమేటిక్ చార్జింగ్ రిలే బిగిస్తే, ఇంజన్ నడిచేటప్పుడు రెండూ చార్జ్ అవుతాయి, ఆపగానే విడిపోతాయి. బడ్జెట్ తక్కువైతే సబ్‌ను వచ్చే ఏడాదికి వాయిదా వేయండి గానీ ఈ రెండో బ్యాటరీని వదలకండి.

2. వైర్లు

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ వైరు తీసేయండి. తగరం పూత ఉన్న రాగి వైరే కొనండి. కారు కిట్లలో చవగ్గా దొరికే, రాగి పూసిన అల్యూమినియం వైరు తేమకు లోపల్లోపలే తుప్పు పట్టి పోతుంది. 60 ఆంపులకు, పది పదిహేను అడుగుల దూరానికి 4 గేజ్ మందం వైరు వాడండి. ప్లస్ వైరుకు బ్యాటరీ నుంచి 7 అంగుళాల లోపే ఫ్యూజు పడాలి. నీళ్ళ మధ్యలో మంట లేస్తే పరిగెత్తడానికి చోటుండదు.

కారులో మైనస్‌ను బాడీకి తగిలించేస్తాం. బోటులో అలా కుదరదు. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు. పాంటూన్‌లాంటి అల్యూమినియం బోటులో పారుతుంది గానీ, ఆ కరెంటే గొట్టాలను నెమ్మదిగా తినేస్తుంది. ప్లస్ ఎంత లావు ఉంటే మైనస్ కూడా అంతే లావున బ్యాటరీ దాకా వెళ్ళాలి.

ఇక్కడ చాలామంది పొరపడే చోటు ఒకటుంది. చాలా కొత్త బోట్లలో పసుపు వైరు మైనస్. స్టీరియో వెనక వేలాడే పసుపు వైరు మాత్రం ప్లస్, ఎప్పుడూ కరెంటు ఉండాల్సినది. రంగు చూసి రెంటినీ కలిపారా, షార్టే. మల్టీమీటరు పెట్టి చూసుకోకుండా ఏదీ కలపొద్దు.

అతుకులకు టంకం ఒక్కటే చాలదు, కుదుపులకు విరిగిపోతుంది. గట్టిగా క్రింప్ చేసి, పైన జిగురు ఉండే హీట్ ష్రింక్ ట్యూబు వేడిచేయండి. చివర్లలోంచి జిగురు చిన్న పూసలా బయటికి వస్తే లోపల సీల్ అయినట్టు. వైరును ప్రతి 18 అంగుళాలకూ ఒక క్లిప్పుతో కట్టండి.

3. స్పీకర్లు

మెరైన్ స్పీకర్లే తీసుకోండి. మామూలు స్పీకర్లలో కదిలే కాగితం గరాటు (కోన్) తేమకు ఉబ్బుతుంది, ఎండకు చిట్లుతుంది. రంధ్రం చేసే ముందు ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి తడమండి, అక్కడ వైరో, ఇంధనం పైపో ఉండొచ్చు. ఫైబర్‌గ్లాస్ అయితే మాస్కింగ్ టేపు అంటించి, గుండ్రంగా రంధ్రం కోసే హోల్‌సాను ముందు రివర్స్‌లో తిప్పండి, పై పూత పెచ్చులూడదు. స్టెయిన్‌లెస్ స్క్రూలు వాడండి. దిక్సూచి ఉంటే అయస్కాంతాన్ని దానికి దూరంగా ఉంచండి.

4. సబ్ వూఫర్

నా 12 అంగుళాల సబ్ ఎందుకు మూగబోయిందో తర్వాత అర్థమైంది. కారు అద్దాలు వేసిన గది లాంటిది, బేస్ లోపలే నిలుస్తుంది. బోటుకు గోడలూ పైకప్పూ లేవు. కాబట్టి ఎంత పెద్ద సబ్ అన్నది కాదు, ఎక్కడ పెట్టామన్నదే ముఖ్యం.

కోన్ ముందుకు గాలిని తోసినప్పుడు వెనక అదే గాలిని లాగుతుంది. ఈ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి చంపేస్తాయి. ఫ్రీ ఎయిర్ రకం, అంటే సొంత డబ్బా అక్కర్లేని మెరైన్ సబ్ కొని, సీటు కింద పెట్టెకో, డ్రైవర్ ముందుండే కన్సోల్‌కో బిగించండి. ఆ పెట్టే వెనక గదిగా పనిచేస్తుంది. 10 అంగుళాలది చాలు. పల్చటి ప్లాస్టిక్ ప్యానెల్ అయితే వెనక ముప్పావు అంగుళం మెరైన్ ప్లైవుడ్ వేసి, కోసిన అంచులకు ఎపాక్సీ పట్టించండి. తర్వాత బేస్ పాట పెట్టి, సీటు అతుకుల దగ్గర అరచెయ్యి ఆనించండి. చేతికి గాలి తగిలితే బేస్ అక్కడినుంచి పోతున్నట్టే. ఆ సందుల్లో ఫోమ్ పట్టీ అంటించండి. మా బోటులో ఆ పట్టీతో వచ్చిన తేడా కొత్త ఆంప్‌తో కూడా రాలేదు.

పెట్రోల్ ఇంజన్ గదిలో, ట్యాంకు దగ్గర మాత్రం ఆంప్ పెట్టొద్దు. చిన్న నిప్పురవ్వ చాలు.

5. కలిపి, సెట్ చేయడం

స్పీకర్ వైర్లను ఆంప్‌కు కలపక ముందే, ఆ చివర్లకు ఒక పెన్సిల్ బ్యాటరీ క్షణం తాకించండి. బ్యాటరీ ప్లస్ తగిలిన వైరు ప్లస్ అయితే కోన్ టప్పున బయటికి వస్తుంది. లోపలికి వెళ్తే వైర్లు తారుమారయ్యాయి.

ఆంప్‌లో స్పీకర్లకు 80 హెర్ట్జ్ పైన ఉన్న శబ్దాలు, సబ్‌కు 80 కింద ఉన్న బేస్ శబ్దాలు వెళ్ళేలా పెట్టండి. ఆంప్ మీదుండే గెయిన్ అంటే వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కు ఆంప్‌ను సరిపెట్టే మీట. సబ్ వైర్లు విప్పి, బేస్ బూస్ట్ ఆపి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతున ఉంచి, 50 హెర్ట్జ్ టోన్ వేయండి. 4 ఓమ్‌ల సబ్‌కు 300 వాట్లంటే ఆంప్‌లో సబ్ వైర్లు పెట్టే చోట మీటరు ఏసీ మీద 34.6 వోల్టులు చూపేదాకా గెయిన్ నెమ్మదిగా పెంచండి. అక్కడితో పెంచడం ఆపి, సబ్ వైర్లు మళ్ళీ కలపండి. చివరగా, పాట నడుస్తుండగా ఫేజ్ స్విచ్ (సబ్ కోన్ కదిలే దిశను తిప్పేది) అటూ ఇటూ మార్చి, బేస్ నిండుగా వచ్చే వైపు వదిలేయండి.

మొదటిసారి డాక్ దగ్గరే, ఇంజన్ ఆపి గంటసేపు వినండి. పాట ఆపి కాసేపాగి మీటరు పెట్టండి. 12.2 వోల్టులకు వచ్చిందంటే లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం అయిపోయింది, చార్జ్ చేయకుండా బయల్దేరకండి. సాయంత్రం నీళ్ళ మీద శబ్దం చాలా దూరం పోతుంది, ఒడ్డున ఇళ్ళున్న చోట సబ్ తగ్గించండి. రెండు మూడుసార్లు తిరిగొచ్చాక బ్యాటరీ టెర్మినల్ నట్లు మళ్ళీ బిగించండి. మావి రెండో ట్రిప్పుకే వేలితో తిరిగేంత వదులయ్యాయి.