ఈస్ట్రోజన్ ఇచ్చిన మేకల్లో ప్రొలాక్టిన్ అంకెలు పొంతన లేకుండా వస్తే: సమస్య - పరిష్కారం

సమస్య

ఇంకా ఈనని పాడిజాతి ఆడమేకలకు ఎస్ట్రడయోల్ బెంజోయేట్ (ఈస్ట్రోజన్ మందు) ఇంజెక్షన్ చేసి రక్తంలో ప్రొలాక్టిన్ (పాల ఉత్పత్తికి తోడ్పడే హార్మోను) కొలిస్తే, మందు పడిన మేకలతో పాటు పోలిక కోసం మందు లేని ఉత్త నూనె ఇంజెక్షన్ చేసిన కంట్రోల్ గుంపులోనూ అది పెరిగి కనిపిస్తుంది. ఈస్ట్రోజన్ ప్రొలాక్టిన్‌ను పెంచుతుందన్నది నిజమే గానీ, నూనెకు ఆ గుణం లేదు. ఇక్కడ చాలామంది హార్మోను కొలిచే కిట్టును అనుమానించి మరొకటి తెప్పిస్తారు. అంతకంటే ముందు మందు వేయకముందు తీసిన నమూనాల విలువలను, ఏ మేకకు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు రక్తం తీశారో ఆ వరుసలో కాగితం మీద రాసి చూడాలి. పది నిమిషాల ఈ పనిని వదిలేసి నెలలు పోగొట్టుకున్న వారిని చూస్తూనే ఉన్నాను.

అసలు కారణం

వరుసలో చివరికి వెళ్లేకొద్దీ అంకెలు పెరుగుతుంటే అది మందు ప్రభావం కాదు, బెదురు. మేకను పట్టుకోవడం, మందనుంచి విడదీయడం, సూది గుచ్చడం వంటివి నిమిషాల్లోనే ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. ఒకసారి మా కంట్రోల్ మేకలు కొట్టంలో చివరి గదిలో ఉండటంతో రోజూ వాటి వంతు ఆఖరున వచ్చేది. ముందు వెళ్లిన మేకల అరుపులు వింటూ అవి అప్పటికే గోడ వెంట తిరుగుతుండేవి. చివరి మేకను వెనక కాలు పట్టి లాగితే తప్ప దొరికేది కాదు, దాని కంఠసిర రెండో పోటుకు గానీ అందేది కాదు. మందు పడిన వాటికంటే వీటిలోనే ప్రొలాక్టిన్ ఎక్కువ వచ్చింది. అదే ప్లాస్మాను (రక్తకణాలు వేరుచేయగా మిగిలిన ద్రవం) మూడుసార్లు కొలిచాం, మూడుసార్లూ అదే అంకె వచ్చింది, ఎందుకంటే ఆ హార్మోను నిజంగానే ఆ రక్తంలో ఉంది. కిట్టు తప్పేమీ లేదు.

పరిష్కారం

ముందు రోజే కంఠసిరలో కాథెటర్ (సన్నని గొట్టం) పెట్టి, పొడవైన గొట్టాన్ని వీపు మీదుగా కట్టాలి; అప్పుడు మేకను ముట్టకుండానే రక్తం తీయవచ్చు. గొట్టంలో నిలిచిన హెపారిన్ సెలైన్ (రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఉప్పునీరు) కలిసిన తొలి రక్తాన్ని పారబోయాలి. కాథెటర్ పెట్టడానికి ముందు కనీసం వారం రోజులు మేకలను కట్టుకు, మనుషుల రాకపోకలకు అలవాటు చేయాలి, పక్క మేక కంటికి కనిపించేలా ఉంచాలి. మందు వేయకముందు 15 నుంచి 20 నిమిషాల ఎడంతో మూడు నమూనాలు తీసి, అవి నిలకడగా ఉన్నాయని తేలాకే ఇంజెక్షన్ చేయాలి. గుంపుల వరుసను రోజూ చీటీలు తీసి మార్చాలి. కాథెటర్ వీలుకాకపోతే, పట్టుకున్న క్షణం నుంచి రక్తం అందేవరకు పట్టిన సమయాన్ని ప్రతి ట్యూబుకూ రాసి, ఆలస్యమైన వాటిని విడిగా ఉంచాలి.

ఎండాకాలాన్ని కూడా ఇక్కడే లెక్కలోకి తీసుకోవాలి. పగటి పొద్దు పెరిగినా, వేడి పెరిగినా మేకల్లో ప్రొలాక్టిన్ పెరుగుతుంది కనుక, జనవరిలో తీసిన కంట్రోల్ నమూనాలను మన మే నెల ఎండల్లో మందు వేసిన మేకలతో పోల్చడం కుదరదు. రెండు గుంపులూ ఒకే వారంలో, ఒకే వేళలో సాగాలి.

మిగతా కారణాలు

ప్రొలాక్టిన్ ప్రోటీను కాబట్టి జాతిని బట్టి మారుతుంది. మనుషుల కిట్టు మేక ప్రొలాక్టిన్‌ను సరిగా గుర్తిస్తుందని అనుకోకూడదు. ప్లాస్మాను పలుచన చేస్తూ పోయినప్పుడు వచ్చే రేఖ ప్రమాణ రేఖకు (తెలిసిన మోతాదులను కొలిచి గీసినది) సమాంతరంగా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది. ఎస్ట్రడయోల్ అన్ని జాతుల్లోనూ ఒకే అణువు గానీ, మందు వేయని మేకలో పికోగ్రాముల్లోనే (గ్రాములో లక్ష కోట్లవ వంతు) ఉంటుంది కనుక ఈథర్‌తో వేరుచేసి కొలవడం మేలు. మందును తొడలో వేసి రక్తాన్ని మెడలో తీయాలి, నమూనాలో మందు కలవకుండా మధ్యలో చేతి తొడుగులు మార్చాలి. వీటితో పాటు గ్రోత్ హార్మోనునూ కొలుస్తుంటే, అది ఉండుండి ఒక్కసారిగా విడుదలవుతుంది, ఒక్క నమూనాతో దాని గురించి ఏమీ చెప్పలేం. ప్లాస్మా ఎర్రగా ఉంటే రక్తకణాలు పగిలాయని అర్థం, ఆ ట్యూబును పక్కన పెట్టి మళ్లీ తీసుకోవాలి.