టమాటాలో ఆకుమాడు తెగులు ఎలా పాకుతుంది, ఎక్కడ ఆపాలి

టమాటా ఆకుల మీద మచ్చ కనపడగానే అందరూ ముందు అడిగేది ఏ మందు కొట్టాలి అని. అది ఎటు నుంచి వస్తోందో ముందు చూడండి, లేకపోతే కొట్టిన మందులో సగం వృథా.

మొక్క అడుగున ముదురు ఆకులు పట్టి చూడండి. గోధుమరంగు మచ్చలో వలయాలు వలయాలుగా గీతలు, చుట్టూ పసుపు ఉంటే అదే ఆకుమాడు, చాలా వరకు ఆల్టర్నేరియా శిలీంద్రం పనే. ఇది పోయిన పంట చెత్తలో బతికి ఉంటుంది, విత్తనంతో కూడా వస్తుంది. వాన చినుకు నేలను కొట్టి చిందినప్పుడు మట్టితో పాటు కింది ఆకులకు అంటుకుంటుంది. తడి కొన్ని గంటలు ఆరకుండా ఉంటే చాలు, మొలిచి ఆకులోకి దిగిపోతుంది. ఆ మచ్చల మీద పుట్టిన కొత్త శిలీంద్ర బీజాలను గాలి పక్క సాళ్లకీ, పక్క చేలకీ మోసుకెళ్తుంది, ముసురు పట్టిన వారంలో చేను చేనంతా మాడిపోయేది ఇందుకే.

కాబట్టి నేలకూ ఆకుకూ మధ్య దారి తెంచాలి. మల్చింగ్ షీట్ గానీ వరిగడ్డి గానీ పరవండి, కర్రలు పాతి మొక్కను పైకి కట్టండి, నేలను తాకే ఆకులు తుంచేయండి. తుంచినవి గట్టున పడేయొద్దు, సంచిలో వేసి చేను బయట పూడ్చాలి. పొద్దున్నే మంచు ఆరకముందు చేలో దిగకండి, చేతులకీ బట్టలకీ అంటుకుని తెగులు మనతోనే తిరుగుతుంది. స్ప్రింక్లర్ కంటే డ్రిప్ మేలు. టమాటా తీసేసిన మడిలో వెంటనే వంగ, బంగాళదుంప వద్దు, అవీ దీనికి ఆహారమే. జొన్నో మొక్కజొన్నో వేయండి.

మాంకోజెబ్ లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి కొడతారు, కానీ అది ఆకు పైనే ఉండి కాపాడే మందు, వచ్చిన మచ్చను మాన్పదు. అందుకే కింది ఆకుల్లో మొదటి మచ్చలు కనపడ్డప్పుడే, ఆకు అడుగు భాగం కూడా తడిసేలా కొట్టాలి.

బెండ, దోస మీద తెల్లటి పొడిలా వచ్చే బూడిద తెగులు సంగతి వేరు. దానికి ఆకు మీద నీళ్లు నిలవనక్కర్లేదు, వాన లేకపోయినా గాలిలోనే వస్తుంది, డ్రిప్ పెట్టామని ధీమాగా ఉండొద్దు. నీటిలో కరిగే గంధకం పనిచేస్తుంది గానీ మండే ఎండలో తీగజాతి మీద కొడితే ఆకులు మాడతాయి.

ఏ మందైనా కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలో డబ్బా మీద రాసి ఉంటుంది. రేటు బాగుందని ముందే కోసి మార్కెట్‌కు పంపకండి, తినేది పిల్లలు కూడా.