సున్నా తిరుగుతోందని ఫోనొస్తే: రెండిళ్లలో కేబుల్ తీసేశాక వచ్చే సమస్యలు, పరిష్కారాలు

బెంగళూరు మారతహళ్లిలో మా ఫ్లాట్, యలహంకలో అమ్మానాన్నల ఇల్లు. రెండుచోట్లా కేబుల్ తీయించి, టీవీని నెట్ మీద యాప్‌లలో చూడటం మొదలెట్టి ఏడాది దాటింది. కేబుల్ ఉన్నన్నాళ్లూ బొమ్మ ఆగితే అమ్మ కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసేది. ఇప్పుడు నాకు చేస్తుంది. మొదట్లో రెండుసార్లు హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మరీ వెళ్లాను. తీరా వెళ్లి చేసిందేమిటంటే ఒకసారి ప్లగ్గు పీకి పెట్టడం, ఇంకోసారి రిమోట్‌కి బ్యాటరీలు మార్చడం. ఆ తర్వాత కదలకుండా ఫోన్లోనే లోపం పట్టుకోవడం నేర్చుకున్నాను.

అన్నిటికంటే ముందు: రెండో ఇంట్లో వస్తోందా?

రెండిళ్లు ఉండటం తలనొప్పే కానీ, లోపం వెతకడానికి అంతకన్నా మంచి పనిముట్టు లేదు. అదే యాప్, అదే అకౌంటు, నెట్ కనెక్షన్లు మాత్రం వేరు. అమ్మ ఫోన్ చేయగానే మా టీవీలో అదే యాప్ తెరుస్తాను. ఇక్కడా రాకపోతే వైఫై జోలికి పోనక్కర్లేదు. ప్యాక్ గడువు అయిపోయిందో, డబ్బు కట్ కాలేదో, యాప్ వాళ్ల సర్వరే డౌన్ అయిందో చూసుకోవాలి. ఇక్కడ వచ్చి అక్కడ రాకపోతే రెండో ప్రశ్న: "అమ్మా, యూట్యూబ్ వస్తోందా?" వస్తోందంటే నెట్ బాగానే ఉంది, తేడా ఆ యాప్‌లోనే. రావట్లేదంటే ఆ ఇంటి నెట్. ఈ రెండు ప్రశ్నలు అడగకుండా రౌటర్ రీసెట్ బటన్‌లో పిన్ను గుచ్చారా, వైఫై పేరూ పాస్‌వర్డూ చెరిగిపోయి ఉన్న కష్టానికి కొత్త కష్టం తోడవుతుంది.

"ఏమే, మళ్లీ సున్నా తిరుగుతోంది"

బొమ్మ ఆగిపోయి తెర మధ్యలో గుండ్రంగా తిరిగే గుర్తునే అమ్మ సున్నా అంటుంది. రోజుకి నాలుగు ఫోన్లొస్తే మూడు ఇవే. వెంటనే అందరూ అనేది "నెట్ స్లో" అని, పెద్ద ప్లాన్‌కి మారిపోతారు. చాలాసార్లు అది దండగ. నెట్‌ఫ్లిక్స్ వాళ్లు చెప్పే లెక్కలోనే 1080పీ (ఫుల్ హెచ్‌డీ) బొమ్మకు నెట్ వేగం 5 ఎంబీపీఎస్, అంతకన్నా స్పష్టమైన 4కే బొమ్మకు 15 ఎంబీపీఎస్ ఉంటే చాలు. ఇంటికి 100 వస్తున్నా టీవీ దాకా 3 కూడా చేరకపోవడమే అసలు సంగతి.

యలహంకలో జరిగిందీ అదే. ఫైబర్ వైరు వీధి గుమ్మం వైపు నుంచి వచ్చింది కాబట్టి రౌటర్‌ని అక్కడే చెప్పుల స్టాండ్ పైన బిగించి వెళ్లారు. టీవీ ఉన్నది లోపలి హాల్లో. మధ్యలో రెండు గోడలు, ఒక ఇనప బీరువా. నాన్న రౌటర్ పక్కన నిలబడి ఫోన్లో స్పీడ్ టెస్ట్ పెట్టి "తొంభై చూపిస్తోందమ్మా" అనేవారు. నిజమే, చెప్పుల స్టాండ్ దగ్గర తొంభై వస్తుంది. టెస్ట్ చేయాల్సింది టీవీ ఉన్నచోట, వీలైతే టీవీలోనే.

కారణం వైఫైలో రెండు రకాలుండటం. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడలు దాటుతుంది, కానీ నెమ్మది, పైగా ఇరుగుపొరుగు రౌటర్లన్నీ అదే దారిలో తోసుకుంటాయి. టీవీ, రౌటర్ ఒకే గదిలో ఉంటే 5కి కలపండి. మధ్యలో గోడలుంటే 2.4కి కలపండి. కొన్ని రౌటర్లు రెండింటికీ ఒకే పేరు పెట్టి టీవీని తమకు తోచినదానికి కలుపుతాయి. సెట్టింగ్స్‌లో రెండు పేర్లుగా విడగొడితే మన చేతిలో ఉంటుంది.

అన్నిటికన్నా మేలైన మందు వైరు. రౌటర్ నుంచి టీవీకి గోడ అంచునే ఒక లాన్ కేబుల్ (నెట్ వైరు) లాగించాం. టీవీల్లో లాన్ పోర్టు చాలావాటికి 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుందని నెట్‌లో పెదవి విరుస్తుంటారు. 4కేకే 15 చాలినప్పుడు 100తో వచ్చిన ఇబ్బందేమిటి? ఆ వైరు పడ్డాక అమ్మ ఫోన్లు సగానికి తగ్గాయి. మిగతా సగం వేరే కారణాలకి.

అపార్ట్‌మెంట్‌లో మాత్రం కథ వేరు. మా ఫ్లాట్‌లో పగలంతా బాగుండి రాత్రి ఎనిమిది దాటాక తిరిగేది. చుట్టూ ముప్పై వైఫైలు, అందరూ టీవీల ముందు కూర్చునే వేళ. రౌటర్లు వాడే దారులకి వైఫై చానళ్లని పేరు, 2.4లో ఒకదానితో ఒకటి రాసుకోనివి 1, 6, 11 మాత్రమే. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ ఒకటి వేసుకుంటే ఏ చానల్ ఖాళీగా ఉందో తెలుస్తుంది, రౌటర్‌లో దానికి మార్చాలి. మార్చినా అంతే ఉంటే, రాత్రిపూట లాప్‌టాప్‌ని వైరుతో కలిపి స్పీడ్ చూడండి. వైరులోనూ పడిపోతోందంటే ఇక మన ఇంట్లో చేసేదేమీ లేదు, అది కనెక్షన్ ఇచ్చినవాళ్ల వ్యవహారం. వారం రోజులు రాత్రి తొమ్మిదింటికి తీసిన స్క్రీన్‌షాట్లు పెట్టి ఫిర్యాదు చేశాను. అంతకుముందు "రీస్టార్ట్ చేయండి మేడం" అనేవాళ్లు, అప్పుడు మనిషిని పంపారు.

"అమ్మా, ఏదో నంబరు అడుగుతోంది, నీకొచ్చిందా?"

రెండిళ్ల వాళ్లకే ప్రత్యేకంగా వచ్చే జబ్బు ఇది. మొదట్లో నేను తెలివిగా చేశాననుకుని అన్ని యాప్‌లూ నా నంబరు మీదే తీసుకున్నాను. ఎప్పుడైనా లాగవుట్ అయితే ఓటీపీ నా ఫోన్‌కి వస్తుంది. నేను మీటింగ్‌లో ఉంటాను, అక్కడ సీరియల్ అయిపోతుంది.

అందుకే యాప్‌లను ఇళ్లవారీగా పంచాం. అమ్మానాన్నలు ఎక్కువగా చూసేవి నాన్న నంబరు మీద, మేం చూసేవి నా నంబరు మీద. డబ్బు నేనే కడతాను, ఓటీపీ మాత్రం టీవీ ముందు కూర్చున్నవాళ్ల ఫోన్‌కి రావాలి. టీవీ తెరమీద క్యూఆర్ కోడ్ చూపిస్తే ఇంకా సుఖం. నాన్న వీడియో కాల్‌లో తెర చూపిస్తారు, నేను రెండో ఫోన్‌తో స్కాన్ చేస్తాను.

ఇందులోనే ఇంకో మెలిక, ఒక్కో యాప్‌కి ఒక్కో కట్టుబాటు. నెట్‌ఫ్లిక్స్ 2023 జూలై నుంచి మన దేశంలో ఒక అకౌంటు ఒక ఇంటికే అంటోంది. టీవీ ఏ నెట్ కనెక్షన్ మీద నడుస్తోందో దాన్నిబట్టి ఇల్లేదో గుర్తిస్తుంది. ఊరెళ్లినప్పుడు వాడుకోవడానికి తాత్కాలిక కోడ్ ఇస్తుంది కానీ, అది 15 నిమిషాల్లో చెల్లకుండా పోతుంది. వారం వారం ఆ కోడ్‌తో కుస్తీ పట్టడం కన్నా, అది కావాల్సిన ఇంట్లోనే ఉంచుకోవడం నయం. అమ్మకి అది అక్కర్లేదు, కాబట్టి తీసేశాం. ప్రైమ్ వీడియో 2025 జనవరి నుంచి ఒక అకౌంటుకి ఐదు పరికరాలే, అందులోనూ రెండే టీవీలు అని పరిమితి పెట్టింది. ఇంటికొక టీవీ అయితే లెక్క సరిపోయింది. మా పడగ్గదిలో మూడో టీవీ పెట్టిన రోజు యలహంకలోది ఆగింది, ఎందుకో అర్థం కావడానికి నాకు పూట పట్టింది. పాత టీవీని అమ్మేసినా, ఎవరికైనా ఇచ్చేసినా, అకౌంటు సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాని పేరు తీసేయండి.

"ఎక్కువమంది చూస్తున్నారు" అని వస్తే వెంటనే ఎవరో పాస్‌వర్డ్ కొట్టేశారని టెన్షన్ పడకండి. ముందు నాన్న నిద్రపోయారేమో కనుక్కోండి. ఆయన పడక్కుర్చీలో గుర్రుపెడుతుంటే టీవీ ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ పోతుంది, అదీ ఒక స్క్రీన్ కిందే లెక్క. తర్వాతి ఎపిసోడ్ దానంతటదే మొదలయ్యే సెట్టింగ్ ఆపేస్తే ఇది తగ్గుతుంది.

"నా సీరియల్ ఎక్కడుందే?"

ఇది సాంకేతిక సమస్య కాదు, కానీ ఇల్లు మళ్లీ కేబుల్‌కి వెళ్లిపోయేది దీనివల్లే. బెంగళూరులో కేబుల్ ఉన్నప్పుడు కన్నడ ప్యాక్ మీద తెలుగు చానళ్లు విడిగా వేయించుకున్నాం. అమ్మకి వాటి నంబర్లు వేళ్లకే వచ్చు, రిమోట్ చూడకుండా నొక్కేది. ఇప్పుడు నంబర్లు లేవు, యాప్‌ల గుర్తుల బొమ్మలున్నాయి. పైగా ఆ బొమ్మలు మారుతుంటాయి. 2025 ఫిబ్రవరి 14న హాట్‌స్టార్, జియోసినిమా కలిసి జియోహాట్‌స్టార్ అయినప్పుడు అమ్మ అలవాటుపడ్డ గుర్తు మాయమైంది. ఆ వారమంతా "పాతది పోయింది" అనే మాటే.

ఏ చానల్ ఎక్కడుందో ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి టీవీ పక్కన అంటించాను. స్టార్ మా సీరియళ్లు జియోహాట్‌స్టార్‌లో, జీ తెలుగువి జీ5లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో. తెలుగు న్యూస్ చానళ్లు చాలావరకు యూట్యూబ్‌లోనే లైవ్ వస్తాయి, తిరుమల ఎస్వీబీసీ కూడా. దూరదర్శన్ చానళ్లకు ప్రసార భారతి వాళ్ల వేవ్స్ యాప్ ఉంది. ఆహా మంచిదే కానీ అది చానళ్ల సీరియళ్ల కోసం కాదు, దాని సినిమాలు, షోలు దానివి. టీవీ హోమ్ తెరమీద ఈ యాప్‌లను కాగితంలో ఉన్న వరుసలోనే పేర్చి, మిగతావి వెనక్కి తోసేశాను. రిమోట్ మీది మైక్ బటన్ నొక్కి సీరియల్ పేరు చెప్పడం అమ్మ రెండు రోజుల్లో నేర్చుకుంది. మొదటిరోజు మైక్‌తో "కాస్త పెట్టమ్మా" అని కూడా అంది.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. ఇంట్లో పెద్దవాళ్లు నాలుగు చానళ్ల సీరియళ్లనూ వేళకి చూసే రకమైతే, నాలుగు యాప్‌ల చందాలు కలిపితే కేబుల్ కన్నా ఎక్కువయినా కావచ్చు. 2019లో ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కన కేబుల్ నెట్‌వర్క్ చార్జీ గరిష్ఠంగా 130 రూపాయలు, 18 శాతం జీఎస్‌టీతో 153 రూపాయల 40 పైసలు. పే చానళ్లు దానిపైన. 2024లో ఆ గరిష్ఠ పరిమితి ఎత్తేశారు కాబట్టి మీ బిల్లు తీసి చూసుకోండి. మా పిన్నివాళ్లింట్లో ఇలాగే లెక్కేసి, కేబుల్ ఉంచేసుకోమని నేనే చెప్పాను.

"పక్కింట్లో అరిచాక మనకి సిక్స్ పడుతోంది"

దీనికి పూర్తి వైద్యం లేదు. స్ట్రీమింగ్‌లో బొమ్మని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. ఆగకుండా ఆడాలని మన టీవీ కొన్ని ముక్కలు ముందే దాచుకుని ఆ తర్వాత మొదలెడుతుంది. కేబుల్‌కీ దీనికీ ఆ మాత్రం వెనకబాటు తప్పదు. మధ్యలో సున్నా తిరిగితే ఇంకా వెనకబడుతుంది, అప్పుడు లైవ్ అనే బటన్ నొక్కితే కాస్త ముందుకొస్తుంది. ఫోన్లో స్కోరు నోటిఫికేషన్లు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు మ్యాచ్ అయ్యేదాకా మ్యూట్ చేయండి.

స్టిక్ దానంతటదే ఆగి మళ్లీ మొదలవుతుంటే

స్టిక్ అంటే యాప్‌ల కోసం టీవీ హెచ్‌డీఎంఐ పోర్టుకి తగిలించే చిన్న పరికరం. దాని పవర్ వైరుని టీవీ వెనక యూఎస్‌బీ పోర్టుకి గుచ్చారేమో చూడండి. పాత టీవీల్లో అక్కడ వచ్చేది అర ఆంపియరే, అది చాలదు. డబ్బాలో ఇచ్చిన అడాప్టర్‌ని గోడ ప్లగ్గుకే పెట్టాలి. మాట వినిపించి తెర నల్లగా ఉంటే మధ్యలో పెట్టిన హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ తీసేసి నేరుగా కలపండి, కాపీ రక్షణ వల్ల కొన్ని స్ప్లిటర్లకి బొమ్మ రాదు. యాప్‌లు నత్తలా తెరుచుకుంటుంటే లోపల జాగా నిండిపోయింది, వాడని యాప్‌లు తీసేసి మిగతావాటి క్యాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకున్న డేటా) క్లియర్ చేయండి. స్మార్ట్ టీవీ పాతబడి కొత్త యాప్‌లు ఎక్కకపోతే టీవీ మార్చకండి, దానికి స్టిక్ తగిలిస్తే చాలు.

కరెంటు పోయింది, టీవీ ఉంది, నెట్ లేదు

ఇన్వర్టర్ లైను టీవీ ప్లగ్గుకి ఉండి రౌటర్ ప్లగ్గుకి లేకపోతే ఇంతే. కేబుల్ రోజుల్లో ఈ బాధ తెలిసేది కాదు. రౌటర్‌కి చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చూసి, అదే ఇచ్చేది తీసుకోండి. ఫైబర్ వచ్చే డబ్బా వేరే, వైఫై రౌటర్ వేరే అయితే రెండింటికీ పవర్ కావాలి.

కరెంటు ఉండగానే నెట్ పోతే ఆ ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ అనే దీపం చూడమనండి. ఎర్రగా వెలుగుతోందంటే ఫైబర్‌లో వెలుతురు రావట్లేదు. రోడ్డు తవ్వి ఉండొచ్చు, ఇంట్లోనే వైరు మడతపడి ఉండొచ్చు. నాన్న ఆ సన్న వైరు అందంగా కనపడాలని మేకుకి బిగించి చుట్టారు. గాజు తీగని అలా వంచకూడదు. మేకు పీకించి, వైరు వదులుగా చుట్టించగానే ఎర్ర దీపం ఆరింది.

డబ్బు రెండుసార్లు పోతుంటే

ఒకే యాప్‌కి నేను కార్డు మీద కడుతున్నాను, నాన్న మొబైల్ రీచార్జ్‌తోనూ అదే యాప్ ఉచితంగా వస్తోంది. మూడు నెలలు ఎవరికీ తెలియలేదు. బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌లో, మొబైల్ ప్లాన్‌లో ఏమేం కలిపి ఇస్తున్నారో ముందు చూడండి. 15,000 రూపాయల లోపు ఆటోపే ప్రతిసారీ ఓటీపీ అడగకుండానే కట్ అవుతుంది. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం 24 గంటల ముందే మెసేజ్ వస్తుంది, ఆ మెసేజ్‌ని తోసేయకుండా చదివితే ఆపుకునే టైముంటుంది. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా అని ఒకటుంటుంది. అమ్మానాన్నల ఫోన్లలో కూడా తెరిచి చూడండి.

చివరి పని కేబుల్ బాక్స్ తిరిగివ్వడం. యాప్‌లతో ఒక నెల నడిచాకే ఇవ్వండి, అప్పటిదాకా బీరువా మీద ఉంచండి. డిపాజిట్ కట్టి ఉంటే రసీదు వెతికి పెట్టుకోండి, బాక్స్ ఇచ్చినట్టు మీరూ ఒక రసీదు తీసుకోండి. బాక్స్‌తో పాటు అడాప్టర్, రిమోట్ కూడా అడుగుతారు. మా ఇంట్లో రిమోట్ దొరకలేదు. బాక్స్ వెళ్లిపోయిన పది రోజులకి అమ్మ దిండు కింద కనిపించింది.