ఏసీఎల్ తెగిన మోకాలిని ఫిజియోథెరపీతో మళ్లీ దారికి తెచ్చుకోవడం ఎలా?

కబడ్డీలో పట్టు విడిపించుకోబోయి కాలు మెలిపడినా, షటిల్ ఆడుతూ ఎగిరి సరిగ్గా దిగకపోయినా, బైకు మీద నుంచి పడినా మోకాట్లో ఎముకలను కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు (గట్టి పట్టీ) తెగే ప్రమాదం ఉంది. తెగేటప్పుడు లోపల టప్‌మంటుంది. కొద్ది గంటల్లోనే మోకాలు ఉబ్బుతుంది. వాపు దిగాక నడుస్తుంటే ఉన్నట్టుండి కాలు జారిపోతుంది. మోకాలి లోపలి పక్కనుండే మరో లిగమెంటు ఎంసీఎల్ అయితే చాలామందికి బ్రేసుతోనే అతుక్కుంటుంది. ఏసీఎల్ కీలు నడుమ, కీలు ద్రవంలో ఉంటుంది. పూర్తిగా తెగాక మునుపటిలా అతుక్కుంటుందని ధీమాగా చెప్పలేం. నాటు కట్టు కట్టించుకుని నెల రోజులు మంచం మీదుంటే లిగమెంటు సంగతేమో గానీ, తొడ కండ మాత్రం కరిగిపోతుంది.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. పరుగు మధ్యలో దిశ మార్చే ఆటలు ఆడేవాళ్లకు, మామూలు నడకలోనే కాలు జారేవాళ్లకు ఎక్కువగా అవసరమవుతుంది. చేయించుకున్నా, మానుకున్నా ఫిజియోథెరపీ తప్పదు. ఇక్కడి వరుస ఆపరేషన్ చేయించుకునేవాళ్ల కోసం.

1. ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టండి

మోకాలు ఉబ్బి, బిగుసుకుని ఉండగా తొందరపడి చేయిస్తే తర్వాత కాలు చాపడం, మడవడం కష్టమవుతుంది. వాపు దిగాలి, కాలు పూర్తిగా చాపగలగాలి, కుంటకుండా నడవాలి. అప్పుడు తేదీ తీసుకోండి. మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే భాగం) చిరిగి మోకాలు ఇరుక్కుపోయినా, రెండు మూడు లిగమెంట్లు కలిపి తెగినా డాక్టరు ముందే చేయమనవచ్చు.

2. మొదటి రెండు వారాలు: ముందు చాపడం, తర్వాతే మడవడం

చూడ్డానికి వచ్చిన బంధువులందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత వంగుతోంది?" ఈ రోజుల్లో అంతకన్నా ముఖ్యం, కాలు పూర్తిగా చాపగలుగుతున్నారా లేదా అన్నది. మడత నెమ్మదిగానైనా వస్తుంది. మొదట్లో చాపు రాకపోతే తర్వాత తెచ్చుకోవడం కష్టం, నడకలో కుంటు మిగిలిపోతుంది.

మడమ కింద చుట్టిన తువ్వాలు పెట్టి మోకాలి కింద ఖాళీగా వదిలేయండి. మోకాలి కింద దిండు హాయిగానే ఉంటుంది, కానీ పెట్టకండి. తొడ కండను బిగించి 5 సెకన్లు ఆపి వదలండి. ఒక్కో దఫా 10 సార్లు, రోజుకు చాలా దఫాలు. మోకాలు వంగకుండా కాలు పైకెత్తడం, పాదం ఆడించడం, మడమను మంచం మీద జరుపుతూ మెల్లగా 90 డిగ్రీల వరకు మడవడం కూడా ఇప్పుడే. ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. కుంటు పోయేదాకా చేతికర్రలు వదలకండి. మెనిస్కస్‌కు కూడా కుట్లు పడితే ఎంత మడవాలో, ఎంత బరువు మోపాలో సర్జన్ చెప్పిందే లెక్క.

పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఊపిరి ఆడకపోతే అంబులెన్స్ పిలవండి.

కొందరు రోజూ సెంటరుకు వెళ్లి, 'కరెంటు' పెట్టించుకుని వచ్చేస్తారు. మోకాట్లో వాపు ఉన్నంతకాలం తొడ కండ సరిగ్గా బిగుసుకోదు, దాన్ని మేల్కొలపడానికి కండరాన్ని బిగింపజేసే కరెంటు పనికొస్తుంది. అయితే అది మీరు కండ బిగిస్తుండగా పెట్టేది. మెషీన్ తగిలించి పడుకోబెట్టి పంపేస్తుంటే ఫిజియోను మార్చడమే మేలు.

3. మూడో వారం నుంచి మూడో నెల దాకా

గోడకు ఆనుకుని కొద్దిగా వంగి లేవడం, స్టాండు సైకిల్, మెట్టెక్కి దిగడం, ఒంటికాలి మీద నిలబడడం ఈ దశలో చేసేవి. నొప్పి దాదాపు ఉండదు, ధైర్యం వస్తుంది. చిక్కంతా అక్కడే. ఏసీఎల్ స్థానంలో వేసిన గ్రాఫ్ట్ అప్పటిదాకా మీ శరీరంలో వేరేచోట కండను ఎముకకు కలుపుతూ ఉన్న స్నాయువు. కొత్త చోట దానికి రక్తనాళాలు ఏర్పడేదాకా, నాటిన నారు వేరూనుకునే ముందు ఉన్నట్టే, అది బలహీనంగా ఉంటుంది. అందుకే నొప్పి తగ్గిన రెండో మూడో నెలలోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు, ఆ కాలితో బండికి కిక్ కొట్టడం ఫిజియో చెప్పేదాకా వద్దు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే కమోడ్ కుర్చీ ముందే తెచ్చుకోండి.

4. బలం, పరుగు

ఇక బరువులు. ఎంత పెంచాలో మర్నాటి పొద్దున మోకాలే చెబుతుంది: వాపు లేకపోతే కొంచెం పెంచండి, ఉబ్బితే తగ్గించండి. పరుగుకు క్యాలెండర్ ఒక్కటే చాలదు. మూడు నాలుగు నెలలు దాటాలి, వాపు ఉండకూడదు, ఒంటికాలితో కూర్చుని లేచేటప్పుడు మోకాలు లోపలికి వాలకూడదు.

5. మైదానంలోకి

ఆటకు కనీసం 9 నెలలు ఆగండి. అప్పటికి గాయపడిన కాలి తొడ బలం రెండో కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉండాలి, ఒంటికాలి గెంతుల పరీక్షల్లోనూ అంతే. టేపుతో తొడ చుట్టుకొలత చూసి సరిపెట్టుకోకండి, బలాన్ని కొలిపించండి. కుర్రాళ్లలో మళ్లీ తెగే ముప్పు ఎక్కువ, ఆగలేనిదీ వాళ్లే. 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో కుడి మోకాలి లిగమెంట్లు తెగిన రిషభ్ పంత్ మళ్లీ ఐపీఎల్ ఆడింది 2024 మార్చిలో. ఆ నెల 31న విశాఖపట్నంలో అర్ధశతకం కొట్టాడు. వెనుక అంత వైద్య బృందం ఉన్న ఆటగాడికే ఏడాది దాటింది, ఊరి టోర్నమెంటు కోసం మీరు ఆరో నెలలో దిగనక్కర్లేదు.

తిరిగి ఆడడం మొదలయ్యాకా వారానికి రెండుసార్లు తొడ వ్యాయామాలు సాగించండి. ఆటకు ముందు ఫిఫా 11+ (గాయాలు తగ్గించడానికి ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా తెచ్చిన 20 నిమిషాల వ్యాయామాల వరుస) వార్మప్ చేస్తే ఎగిరి దిగడం, ఉన్నట్టుండి ఆగడం సాధనలో ఉంటాయి. రెండో కాలికి కూడా ఇవన్నీ చేయించండి, ఈసారి తెగేది అదీ కావచ్చు.