పాత ల్యాప్‌టాప్ కొన్నారా? ముందు రీసెట్, తర్వాతే నేర్చుకోవడం

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ ఇంటికి తెచ్చాక చాలామంది పాత ఓనర్ ఫొటోలు, ఫైళ్లు ఒక్కొక్కటీ డిలీట్ చేస్తూ కూర్చుంటారు. అంత శ్రమ అక్కర్లేదు, పైగా అది చాలదు కూడా. ఆయన అకౌంటు, ఎప్పుడో ఎక్కించిన సాఫ్ట్‌వేర్లు లోపలే ఉండిపోతాయి. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ తెరిచి 'రీసెట్ దిస్ పీసీ' నొక్కి, 'రిమూవ్ ఎవ్రీథింగ్' (అన్నీ తీసేయడం) ఎంచుకోండి. ఛార్జర్ పెట్టే ఉంచండి, మధ్యలో ఆపొద్దు. విండోస్ 10కి మామూలు సపోర్ట్, అంటే ఉచిత భద్రతా అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి 11కి మారే వీలుందేమో చూడండి. లేకపోతే విండోస్‌కి బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయించండి. అది ఉచితం, పాత మెషీన్ల మీద బాగానే నడుస్తుంది. లోపల ఇంకా హార్డ్ డిస్కే ఉంటే, దాని బదులు వేసే, అంతకంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీకి పెట్టే డబ్బు అన్నిటికంటే మంచి ఖర్చు.

ఇక ల్యాప్‌టాప్ వాడటం నేర్చుకోవడం. పిల్లలు బెంగళూరులోనో డాలస్‌లోనో ఉంటే ఫోన్లో చెప్పించుకోవడం ఇద్దరికీ విసుగే. విండోస్‌లో 'క్విక్ అసిస్ట్' తెరవండి. వాళ్లు చెప్పిన కోడ్ టైప్ చేసి ఒప్పుకుంటే మీ స్క్రీన్ వాళ్లకు కనిపిస్తుంది. చూసి దారి చెప్పమనండి, మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి. అన్నీ వాళ్లే చేసిపెడితే మీకు రాదు. బ్యాంకు నుంచి, కంపెనీ నుంచి అంటూ ముక్కూమొహం తెలియనివాళ్లు ఇచ్చే కోడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఎక్కించొద్దు.