అయాన్-డైపోల్ ఆకర్షణ: ఏది బలమైనదో తేల్చడం ఎలా

లెక్క చేతికి రాగానే నేను పిల్లలను ముందు అడిగేది ఒకటే: అక్కడ అయాన్, అంటే ఆవేశం ఉన్న కణం, ఉందా? చక్కెర ద్రావణంలో లేదు, కాబట్టి అయాన్‌కూ డైపోల్‌కూ (ఒక కొస కొంచెం ధన, మరో కొస కొంచెం ఋణ ఆవేశం ఉన్న అణువుకూ) మధ్య ఉండే ఈ ఆకర్షణ మాటే ఎత్తొద్దు. ఉప్పు నీళ్లలో ఉంది.

తర్వాత ద్రావణిని, అంటే కరిగించుకునే ద్రవాన్ని, చూడండి. బంధాలు ధ్రువమైతే (రెండు కొసల్లో ఆవేశం సమంగా లేకపోతే) చాలదు, ఆకారం కూడా కలిసిరావాలి. కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో నాలుగు బంధాలూ ధ్రువమైనవే, కానీ సౌష్ఠవం వల్ల ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నీటి అణువు 104.5 డిగ్రీల కోణంలో వంగి ఉండబట్టే దానికి 1.85 డిబై ద్విధ్రువ భ్రామకం (డైపోల్ ఎంత బలమైనదో చెప్పే కొలత; డిబై దాని ప్రమాణం).

ఇక బొమ్మ గీయండి. సోడియం అయాన్ వైపు నీటి ఆక్సిజన్ తిరగాలి, క్లోరైడ్ వైపు హైడ్రోజన్. పేపర్లు దిద్దేటప్పుడు నా ఎర్రపెన్ను ఎక్కువగా ఆగేది ఈ బొమ్మ దగ్గరే.

బలం పోల్చేటప్పుడు ముందు ఆవేశం, తర్వాత పరిమాణం. డైపోల్ సూటిగా అయాన్ వైపు తిరిగి ఉంటే ఆకర్షణ శక్తి ఆవేశానికి అనులోమంగా, దూరం వర్గానికి విలోమంగా ఉంటుంది. లిథియం, సోడియం, పొటాషియం అయాన్ల ఆవేశం ఒకటే. వ్యాసార్ధాలు సుమారు 76, 102, 138 పికోమీటర్లు. కాబట్టి నీటిని అన్నిటికంటే గట్టిగా పట్టుకునేది లిథియం. మెగ్నీషియం అయాన్ దాదాపు లిథియం అంతే, 72 పికోమీటర్లు, కానీ ఆవేశం రెట్టింపు. దాని హైడ్రేషన్ శక్తి (అయాన్‌ను నీరు చుట్టుముట్టినప్పుడు విడుదలయ్యే శక్తి) మాత్రం రెట్టింపుతో ఆగదు, మూడు రెట్లు దాటుతుంది: ఎక్కువ ఆవేశం చుట్టూ ఉన్న నీటిని మరింత క్రమంగా తనవైపు తిప్పుకుంటుంది కూడా. పై సూత్రం ఒక్క నీటి అణువుకే, ద్రావణంలో అయాన్ చుట్టూ ఉన్నది గుంపు.