గద్దల్ని చూడాలంటే దసరా తర్వాత బీళ్లకు వెళ్లండి

పాలపిట్ట కోసం దసరా నాడు పొలం బాట పడతాం కదా, ఆ తర్వాత కూడా అటు వెళ్తూ ఉండండి. చలిదేశాల నుంచి పిల్లి గద్దలు దిగేది అప్పుడే. పంట తీసిన చేల మీద, గడ్డి బీళ్ల మీద రెక్కలు 'వి' ఆకారంలో ఎత్తి, నేలకు బారెడు ఎత్తులో తేలుతూ మిడతల్ని వెతుకుతాయి. ఊళ్లో కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే గద్దకు తోక చీలి ఉంటుంది, వీటికి ఉండదు.

ఏదైనా గద్ద గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడితే? ఇటుక రంగైతే వలస డేగ. తెల్లగా, భుజాలు నల్లగా ఉంటే మన దగ్గరే ఉండే అడవి రామదాసు అనే గద్దే.

బండి దిగకండి, మనిషి నిలబడితే చాలు, ఎగిరిపోతాయి. సాయంత్రం గడ్డిలోకి అసలే వద్దు. నంద్యాల జిల్లాలోని రోళ్లపాడు గడ్డి బీళ్ల లాంటి చోట్ల పిల్లి గద్దలు రాత్రి నేల మీదే పడుకుంటాయి.